గడ్డం ఉన్న చేప

"ఈ గడ్డం పోగు లేకపోతే ఇది పాత చేపే," అంది పరీక్షించడానికి వచ్చిన నిపుణురాలు, రాతి పలక మీదికి భూతద్దం దించుతూ.

మ్యూజియంలో రాళ్లు చెక్కి శిలాజాలు బయటికి తీసే రాళ్లాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. పాత చేపలంటే, ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట, వెలుతురు సోకని సముద్రపు అడుగున బతికి అంతరించిపోయిన, అందరికీ తెలిసిన జాతి. వాటి దవడ కింద ఏమీ ఉండదు. ఆయన చెక్కిన చేపకి మాత్రం సన్నటి పోగొకటి వేలాడుతోంది. అది నిజమని తేలితే ఇది కొత్త జాతి. దానికి ఆయన పేరే పెడతానని డైరెక్టర్ మాటిచ్చాడు. ఆ వైభవం చూపిద్దామనే భార్యని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"చుట్టాలందరికీ చెప్పేశారు. తేలకపోతేనో?" అని ఆమె గొణిగింది.

"ఎందుకు తేలదు? రోజూ రాయికి ముక్కు ఆనించి, సూదితో ఒక్కో రేణువూ గిల్లి, ఊడిపోకుండా జిగురు పూసింది నేను. నా పనితనం నీకు తెలీదా?"

"తెలీకేం. మొన్న మేకు కొడితే మేకు దిగలేదు గానీ, గోడ పెచ్చు పళ్లెమంత ఊడింది."

ఆయన విననట్టే నిగనిగలాడే మీసం దువ్వుకున్నాడు. ఆ వయసులో అంత నల్లటి మీసం మ్యూజియం మొత్తానికి ఆయనొక్కడికే ఉంది.

'స్వామీ, పిల్లాజెల్లా ఇవ్వలేదు, నేనేమీ అనుకోలేదు. నాదంటూ ఏదో ఒకటి ఈ చేపతో ఉండేలా చూడు, చాలు,' అని లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాడు. అంత పెద్ద దేవుడు ఇంత చిన్న చేప సంగతి పట్టించుకుంటాడా అని అనుమానమూ వచ్చింది. అయినా దణ్ణం మధ్యలో ఆపలేదు.

నిపుణురాలు జిగురు కరిగే మందు ఒక చుక్క వేసి, పట్టకారుతో పోగుని పట్టి లేపింది. రాయైతే విరగాలి. అది వంగింది.

పక్కనే నిలబడి చూస్తున్న డైరెక్టర్ ముఖం మాడిపోయింది. "బ్రష్షు వెంట్రుక అంటుకుందేమో మేడమ్."

"బ్రష్షుదైతే అంతా ఒకే రంగుండాలి. దీనికి కొస నలుపు, మొదలు తెలుపు." నిపుణురాలి చూపు పట్టకారు మీంచి మెల్లగా రాళ్లాయన ముఖం మీదికి వచ్చి ఆగింది. "నాకొక్కటే అర్థం కావట్లేదండీ. అంత చీకట్లో, ఎవరు చూస్తారని ఈ చేప మీసానికి రంగేసుకుంది?"