గీతలో రెండు బుడిపెలు

పెద్దసారు గేటు ముందు ఫర్నేస్ మేస్త్రి పావుగంట నుంచి నిలబడే ఉన్నాడు. బెల్లు మీదికి చెయ్యి వెళ్తుంది, మళ్ళీ వెనక్కొస్తుంది. చంకలో ఖాళీ టిఫిన్ డబ్బా. దొంగ తన కన్నపుకోల తనే మోసుకొచ్చి అప్పజెప్పినట్టుంది వ్యవహారం.

లోహాల ల్యాబులో ముప్ఫై ఏళ్ళ సర్వీసు అతనిది. రిటైర్మెంటు రెండు నెలల్లో.

పెద్దసారు కొత్త లోహం ఒకటి తయారుచేశారు. ఎర్రగా కాలే వేడిలో, బరువు మోస్తూ లక్ష గంటలు నిలుస్తుందని ఆయన మాట. అది రుజువు చేయడానికే చిటికెనవేలంత కడ్డీని ఫర్నేస్‌లో బిగించి, కింద బరువు వేలాడదీసి, ఏడేళ్ళ కిందట స్విచ్చి వేశారు. పగలంతా కాపలా మేస్త్రిదే. ఒంటిగంట నుంచి రెండింటి దాకా మాత్రం అతన్ని కూడా బయటికి పంపేసి, పెద్దసారు తలుపేసుకుని రీడింగులు చూసుకునేవారు. ఆ కడ్డీ అంటే ఆయనకి అంత ప్రాణం.

పోయిన వారం ఆ కడ్డీ పుటుక్కున తెగింది. అరవై ఒక్క వేల గంటలకే! రేపు కమిటీ కూర్చుంటుంది. ఆ లోహాన్ని చెత్తబుట్టలో వేస్తారు, దాంతోపాటే పెద్దసారు పేరునీ.

మేస్త్రి కళ్ళు మూసుకుని బెల్లు నొక్కాడు.

అమ్మగారు తలుపు తీశారు. “రండి అన్నయ్యా. ఆయన పొద్దుటినుంచీ ల్యాబు నుంచి తెచ్చుకున్న ఆ మైక్రోస్కోపుకి అతుక్కుపోయారు. పిలిస్తే పలకరు.”

“రావయ్యా, చూడు,” అన్నారు పెద్దసారు.

మేస్త్రి వంగి చూశాడు. విరిగిన అంచు పొడవునా, లోహపు గింజల మధ్య సన్నటి చిల్లులు. కొన్ని విడివిడిగా, కొన్ని ఒకదాన్నొకటి కలుపుకుని పగుళ్ళుగా.

“ఒక్కరోజులో పుట్టినవి కావివి. రోజుకింత, రోజుకింత. అన్నీ కలిశాక ఒక్కసారి తెగింది.” ఆయన కళ్ళద్దాలు తీశారు. “కానీ ఇంత తొందరగా రాకూడదయ్యా.”

మేస్త్రి ఇక దాచలేకపోయాడు.

“సార్, మీరు చెంప పగలగొట్టినా పడతాను. తప్పు నాది.” డబ్బా బల్ల మీద పెట్టాడు. “రోజూ పన్నెండింటికి దీన్ని ఫర్నేస్ మూత మీద పెట్టేవాణ్ణి, అన్నం వెచ్చబడుతుందని. డబ్బా చల్లదనం తగిలి ఫర్నేస్ దానంతటదే ఇంకాస్త మండేది. పన్నెండున్నరకి డబ్బా తీయగానే వేడి హద్దు దాటేది. ఇదిగో, గ్రాఫు కూడా తెచ్చాను.”

కాగితం పరిచాడు. వేడి గీత మీద రోజుకి రెండు బుడిపెలు. పన్నెండున్నరకి ఒకటి, ఒంటిగంటన్నరకి ఒకటి.

“మొదటిది నా డబ్బాదే సార్. రెండోది దాని తరవాతి ఊపు అయ్యుంటుంది. ఏడేళ్ళూ హాయిగా తిన్నాను, ఇప్పుడు ముద్ద దిగట్లేదు.”

పెద్దసారు రెండో బుడిపె మీద వేలు పెట్టి, కింద టైము చూసుకున్నారు.

“రేపు కమిటీకి చెప్పేస్తాను సార్. పరీక్ష చెడగొట్టింది నేనేనని రాసి సంతకం పెడతాను. ఉద్యోగం పోతే పోనీ. మీ లోహానికి ఇంకో అవకాశం ఇస్తారు.”

“వద్దు!” ఆయన కాగితాన్ని అరచేత్తో నొక్కిపట్టారు. “ఒక్క ముక్క బయటపెట్టావంటే నా మీద ఒట్టే. రెండు నెలల్లో దిగిపోయేవాడివి, నీకెందుకొచ్చిన గొడవ? ఆ గ్రాఫు ఇక్కడే ఉంచేసి వెళ్ళు. లోహమే పనికిరాదనుకోనీ.”

మేస్త్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత దొడ్డమనసు! తనలాంటి వెధవ కోసం ఇన్నేళ్ళ కష్టాన్ని నీళ్ళపాలు చేసుకుంటున్నారు. ఆయన చేతులు పట్టుకోబోయాడు. పెద్దసారు చప్పున వెనక్కి లాక్కుని మొహం తిప్పుకున్నారు.

అమ్మగారు గేటు దాకా వచ్చారు.

“సారు బాగా చిక్కిపోయారమ్మా,” అన్నాడు మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ. “కాస్త కడుపునిండా తినమనండి.”

“ఏం తింటారన్నయ్యా, ఏడేళ్ళపాటు రోజూ మీ ఫర్నేస్ మీద డబ్బా పెట్టుకుని పొగలు కక్కుతుండగా తిన్న మనిషికి, ఇప్పుడు ఇంట్లో నేనేం వడ్డించినా చల్లగానే ఉంటుందిట!”