ఎండుటాకుల కింద దుప్పిపిల్ల

అడవి బడిలో చదువు ముగిసిందని పిల్లలంతా వాగు ఒడ్డున విందు పెట్టుకున్నారు. నక్కపిల్ల పాటలు చూసుకుంది. కోతిపిల్ల మత్తెక్కేలా ఊరబెట్టిన ఇప్పపూలు తెచ్చింది. పక్కనే ఇసుకలో గుడ్లు పొదుగుతున్న తీతువు పిట్టకు ఒళ్లు మండింది.

"పాటలకు ఒకరు, పూలకు ఒకరు. బాగానే ఉంది. కొంగలు మేతకు దిగినా ఒకటి తలెత్తి కాపలా కాస్తుంది. మీలో పూలు ముట్టకుండా మిగతావాళ్లను కనిపెట్టుకుని ఉండేదెవరు?" అని అడిగింది.

"నీకెప్పుడూ భయమే అత్తా," అని నక్కపిల్ల నవ్వేసింది.

పొద్దు వాలేసరికి, అందరికంటే ఎక్కువ పూలు తిన్న దుప్పిపిల్ల తూలి పడిపోయింది. పిలిస్తే పలకలేదు. పిల్లలు గబగబా దాని మీద ఎండుటాకులు కప్పేసి, మళ్లీ పాట ఎత్తుకున్నారు.

తీతువు గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపులకు బడిపెద్ద ఎలుగుబంటి మాస్టారు పరుగెత్తుకొచ్చి, ఆకులు తోసేసి, దుప్పిపిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టారు. చాలాసేపటికి అది కక్కుకుని కళ్లు తెరిచింది.

"ఊపిరాడక చచ్చిపోయేది కదే. ఎవరినీ పిలవకుండా ఆకులు కప్పుతారా?" అని తీతువు నక్కపిల్లను నిలదీసింది.

"మాస్టారికి తెలిస్తే బడి నుంచి గెంటేస్తారని..." నక్కపిల్ల తల దించుకుంది.

"గెంటేస్తాను. ఇకమీదట ఈ వాగు ఒడ్డున విందన్న మాట వినపడకూడదు," అన్నారు మాస్టారు.

తీతువు ఎగిరొచ్చి ఆయన ముక్కు ముందే వాలింది.

"అలాగే కానివ్వండి మాస్టారూ. ఈసారి వీళ్లు నా కంట కూడా పడనంత దూరం పోయి చేసుకుంటారు. అక్కడ ఆకులు కప్పితే, తీసేదెవరు?"