భద్రమ్మను చూసిన పెళ్లికొడుకు

ఎర్ర చొక్కా వేసుకుని పెళ్లిచూపులకొచ్చిన అరుణ్ పెళ్లికూతుర్ని వదిలేసి, పక్కన కూర్చున్న ఆమె నానమ్మను గుడ్లప్పగించి చూస్తున్నాడు.

గంగారత్నం గుండె గుభేలుమంది. కూతురు దీపకు భోపాల్‌పట్నంలో ఇప్పటికే ఆరు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ పోతే ఇక అంతే. ఏమైనా సరే తల ఎత్తొద్దని పొద్దుటినుంచి పిల్లకు వందసార్లు చెప్పింది. పిల్ల ఎత్తలేదు, పాపం. చాప మీద బుద్ధిగా నేలచూపులు చూస్తోంది.

డెబ్బై ఏళ్ల నానమ్మ భద్రమ్మకు మాత్రం ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. కొంగు సర్దుకుంది. జుట్టు సవరించుకుంది.

“ఏందే రత్నం, ఈ పిలగాడు నన్నే చూస్తుండు?” అంది. గొంతులో కోపమేమీ లేదు.

గంగారత్నం ఇక ఆగలేక అబ్బాయి తండ్రి రామనర్సయ్యను నిలదీసింది. “ఏంది అన్నా, మీవాని చూపెక్కడుంది?”

ఆయన బట్టతల మీద చెమట తుడుచుకున్నాడు. “దాచి లాభం లేదు చెల్లె. బళ్లె చదివేటప్పుడు సూర్యగ్రహణాన్ని ఉత్త కండ్లతోని చూసిండు. కంటి లోపలి తెర మీద ఆవగింజ కన్నా చిన్న గుంట ఉంటదట. నేరుగ చూసేది అండ్లనే పడ్తదట. అది కాలింది. ఇగ దేన్ని చూస్తే అది మాయం. పక్కకు చూస్తేనే కనపడ్తది.”

గంగారత్నం చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టి అరుణ్ వైపు తిరిగింది.

“అయితే చెప్పు బాబూ, మా పిల్లెట్లుంది?”

అరుణ్ భద్రమ్మను మరింత ప్రేమగా చూశాడు. “పచ్చ చీర. చెవులకు జుంకాలు ఊగుతున్నయి. కొంచెం మసకగనే గని, మంచిగుంది.”

“మరి నేను?” అంది భద్రమ్మ ఆశగా.

“ఎవరు మాట్లాడింది?” అన్నాడు అరుణ్.

భద్రమ్మ మూతి ముడుచుకుంది. రామనర్సయ్య తల దించుకుని లేచాడు. “తప్పయింది చెల్లె. పోయొస్తం.”

“కూసో అన్నా!” గంగారత్నం దాదాపు అరిచింది. “మాకు ఇష్టమే!”

ఆయన నోరు తెరిచాడు. ఇంత తొందరగా ఒప్పుకుంటారని ఆయన కలలో కూడా అనుకోలేదు. “పిల్లను గూడ అడగాలె గద?”

“దాన్నడిగేదేంది? దానికీ ఇష్టమే.”

“అట్లెట్ల? తలెత్తు బిడ్డా. మావాణ్ణి మంచిగ చూసి చెప్పు.”

గంగారత్నం కళ్లు మూసుకుంది.

దీప మెల్లగా తలెత్తి, కాబోయే మామగారి బట్టతలను కన్నార్పకుండా చూస్తూ, “ఎర్ర చొక్కా పిలగాడు మంచిగున్నడమ్మా” అంది.