తొమ్మిదో వరస

"సచ్చినోడు కామెంటు పెడ్తడా అన్నా?" అంటూ నాగేందర్ కుర్చీ వెనక్కి జరిపాడు.

ఆఫ్తాబ్ తెర మీంచి కళ్లు తిప్పలేదు. సౌదీలోని తెలుగువాళ్ల కష్టసుఖాల కోసం ఇద్దరూ కలిసి నడుపుతున్న బ్లాగులో ఉదయం నుంచి ఒక్క వ్యాఖ్యా పడటం లేదు. చెత్త వ్యాఖ్యలను ఏరి పక్కన పెట్టే ఫిల్టరు వెనక ఒక డేటాబేస్ టేబుల్ ఉంది. అదే పాడైంది. శుక్రవారం జుమ్మా నమాజు కాగానే, బతా బజారులోని తన కంప్యూటర్ రిపేరు కొట్టు షట్టరు సగం దించుకుని, ఆఫ్తాబ్ దాన్ని బాగుచేయడానికి కూర్చున్నాడు. విరిగిన టేబుల్‌లోంచి ఒక్కో వరసా బయటికి వస్తోంది. మొదట వచ్చిందే ఇది:

"నేను బాబ్జాన్. నేను సావలేదు. ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి."

వీసా ఏజెంట్ల ప్రకటనల పోరు పడలేక, ఫోన్ నంబరున్న వ్యాఖ్య ఏదైనా సరే చెత్తలోకి నెట్టమని ఫిల్టరుకు నేర్పింది ఆఫ్తాబే. అది చెప్పిన మాట బుద్ధిగా విన్నది. మనుషుల కంటే నయం.

బాబ్జాన్‌ది బద్వేలు వైపు. బురైదా అవతలి ఎడారిలో ఒంటెలు కాసేవాడు. డిసెంబరులో పోయాడు. శవం దొరికేసరికి వారం దాటింది, ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. ఒంటి మీది గొర్రెతోలు కోటు జేబులో అకామా, అంటే సౌదీలో ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, ఉంది కాబట్టి పేరైనా తెలిసింది. అయినవాళ్లెవరూ రాలేని చావు. బ్లాగు తరఫున ఆఫ్తాబే అంత దూరం వెళ్లి, ముక్కూమొహం తెలియని ఆ మనిషి మీద మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాడు. ఊళ్లో బాబ్జాన్ భార్య ఖాలిదా, భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్‌లో కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటదు. ఆ చావు కబురు రాసిన పోస్టు కిందే ఇప్పుడీ వ్యాఖ్య.

"తారీఖు సూడన్నా. నువ్వు మట్టేసొచ్చిన వారానికి. శుక్రవారం."

"టేబుల్ చెడినప్పుడు తారీఖులు గూడా తారుమారైతాయిలే. ఇంగోసారి నడుపుదాం."

మళ్లీ నడిపాడు. రెండో వరస వచ్చింది. మూడోదీ, నాలుగోదీ వచ్చాయి. అవే మాటలు, అక్షరం తేడా లేదు. అన్నీ శుక్రవారాలే. ఎనిమిదో వరస దగ్గరికి వచ్చేసరికి ఆఫ్తాబ్ కుర్చీని తెర దగ్గరికి లాక్కున్నాడు. తొమ్మిదోది ఈ రోజు ఉదయానిది. అది పడుతుండగానే టేబుల్ విరిగింది. అందులో సగం అక్షరాలు గడబిడగా ఉన్నాయి.

బల్ల మీద ఫోను మోగింది. నాగేందర్ ఉలిక్కిపడి, పేరు చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"మీ అమ్మ. ఎత్తన్నా."

"ఎత్తితే మతీన్ పాటే. ఉండనీ."

తమ్ముడు మతీన్ మదీనాలో ఒక హోటల్లో గదులు ఊడ్చేవాడు. నడుం పడిపోతోందని, ఇంకో పని చూడమని మూడు నెలల కిందట ఫోన్లో ఏడ్చాడు. ఆఫ్తాబ్‌కు ఒళ్లు మండింది. "ఇదీ చాతగాకపోతే పోయి గొడ్లు కాసుకోపో!" అని పెట్టేశాడు. మన ఇళ్లలో ప్రతి కొడుక్కీ ఏదో ఒకనాడు పడే తిట్టే అది.

"ఫోన్ బంద్ పెట్టుకుని అలిగినాడులే. పండక్కి వాడే దిగుతాడు. నువ్వు ముందు ఆ నంబరుకు చెయ్యి."

"నేనా? దయ్యానికా?"

"దయ్యానికే. స్పీకర్లో పెట్టు."

నాలుగుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. వెనక గాలి హోరు. నీళ్ల ట్యాంకరు నడిపే పఠాన్ అట. హిందీలో మాట్లాడాడు.

"బాబ్జానా? ఒంటెల దగ్గరున్నాడు భాయ్. శుక్రవారం నేను నీళ్లు తెచ్చినప్పుడల్లా నా ఫోను తీసుకుని ఏదో రాస్తుంటాడు."

"బతికే ఉన్నాడా?"

"పొద్దున నాతో చాయ్ తాగాడు!"

ఆఫ్తాబ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నవ్వో ఏడుపో తనకే తెలియలేదు. బద్వేలులో చీకటి గదిలో కూర్చున్న ఆ ఇల్లాలు ఇక లేచి బయటికి రావచ్చు.

"ఖాలిదమ్మ నంబరు తియ్యి నాగేందరూ!"

"తీస్త గానీ... మరి ఆ గోరీల ఉన్నదెవరన్నా?"

"ఎవురైతేనేం? ముందు బతికినోళ్ల సంగతి చూద్దాం."

నాగేందర్ నంబరు వెతుకుతుంటే, తెర మీద రిపేరు పూర్తయింది. తొమ్మిదో వరస అక్షరాలు కుదురుకున్నాయి. ఈసారి అది పొడుగ్గా ఉంది. ఆఫ్తాబ్ సంతోషంగా పైకే చదవసాగాడు.

"నేను బాబ్జాన్. ఎనిమిది సార్లు రాసినా ఎవురూ పలకలేదు. ఈసారి అంతా చెప్తాండా. సచ్చింది నేను గాదు, ఆ పొద్దే పనికి చేరిన పిల్లోడు. చలికి వణికిపోతాంటే నా కోటు ఇచ్చినా. అకామా, ఫోను దాంట్లోనే ఉండిపోయినాయి, ఇంటి నంబరు గూడా ఆ ఫోన్లోనే. వాడు తప్పిపోయిన ఒంటెను వెతకనీకి పోయి మళ్లా రాలేదు. తెల్లారే మా యజమాని కఫీలు నన్ను దూరంగా వేరే మందకు మార్చినాడు. ఆ పిల్లోని పేరన్నా అడగలేదు, వాళ్లోళ్లను మీరే వెతకండి. ఈ పనికి ఎందుకొచ్చినావని అడిగితే ఒకటే మాట చెప్పినాడు.

'గొడ్లు కాసుకోపో' అని వాళ్లన్నే అన్నాడంట."