కనకం కాదంటే

‘పెద్దలకు మాత్రమే’ సినిమాల్లో ఆడదాని ఇష్టాన్ని మొదటిసారి చూపించిన దర్శకురాలు హైమవతి. ఆవిడ సెట్లో నటి “చాలు” అంటే కెమెరా ఆగాల్సిందే. ఇప్పుడు అలాంటి సినిమాలను నటులు లేకుండా ఇంటింటా యంత్రాలే అల్లుతున్నాయి.

ఆ యంత్రాల కంపెనీ మనిషి హైమవతి ఇంటికొచ్చి, ఆవిడ పాత సినిమాల నటి కనకం మాట్లాడే బొమ్మను గోడమీద వెలిగించాడు.

“మీ సినిమాలు మా యంత్రానికివ్వండి మేడమ్. కనకంగారు ఎప్పటికీ ముప్ఫైయేళ్ళ వయసులోనే నటిస్తారు. అలకా ఉండదు, పేచీ ఉండదు.”

బెండకాయలు తరుగుతూనే హైమవతి బొమ్మనడిగింది. “కనకం, ఈ సీను చెయ్యనని చెప్పవే.”

“మీ ఇష్టమే నా ఇష్టం మేడమ్,” నవ్వింది బొమ్మ.

“కాదనడం రానిదాని ‘ఔను’ నాకెందుకు నాయనా? ఇవ్వను. ఇక దయచెయ్యి.”

అతను వెళ్ళగానే అసలు కనకానికి ఫోన్ చేసింది.

“కొత్త సినిమా తీస్తున్నా. వస్తావుటే?”

“ఈ మోకాళ్ళతోనా? ముందు కథ చెప్పు. నచ్చకపోతే రానంటే రాను.”

హైమవతికి ప్రాణం లేచొచ్చింది.