దత్తత రద్దు

ఫ్రాన్సులోని లీల్ కోర్టులో ఫెర్నాన్ అర్జీ విచారణకు రావడం ఇది రెండోసారి. తను పోతే ఇల్లు పరాయివాళ్ళ పాలు కాకూడదని, ఇరవై ఏడేళ్ళ కిందట రెజీస్‌ని దత్తత తీసుకున్నాడు. ఇప్పుడు వాడు నా కొడుకు కాడని కాగితం ఇమ్మంటున్నాడు. ఆయనకు ఎనభై, కొడుక్కి అరవై రెండు.

మొదటిసారి జడ్జి కొట్టేసింది. ఒట్టి మనస్పర్థలు చాలవు, దత్తత రద్దు కావాలంటే ఘోరమేదైనా జరిగి ఉండాలంది.

కోర్టు గోడ మీద నిరుటి పోస్టర్లు ఇంకా వేలాడుతున్నాయి. మగవాళ్ళను మగవాళ్ళు పెళ్ళాడే చట్టం వద్దంటూ అంటించినవి. చట్టం రానే వచ్చింది. వాటిని పీకే ఓపికే ఎవరికీ లేదు.

ఇద్దరూ చెరో బెంచీ మీద కూర్చున్నారు. పిలుపు వచ్చేసరికి పదకొండు దాటింది.

ఫెర్నాన్ నీరసంగా మొదలుపెట్టాడు. చికోరీ కాఫీ నీళ్ళలా పెడతాడట. రేడియో తగ్గించమంటే వినడట. పిల్లి మీదున్న ప్రేమలో పావు వంతు కూడా తన మీద లేదట.

"ఇవి ప్రతి ఇంట్లో ఉండేవే కదండీ," అంది జడ్జి పెన్ను కింద పెట్టి. "మీ మీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా?"

ఫెర్నాన్ టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. అవునంటే చాలు, పని అయిపోతుంది. ఆ ఒక్క మాట ఆయన వల్ల కాలేదు.

రెజీస్ లేచాడు. "కొట్టానండీ. రెండుసార్లు."

"తండ్రి మీద చెయ్యెత్తడానికి మనసెలా వచ్చింది మీకు?"

"ఆయన్ని తండ్రి అని నేనెప్పుడూ అనుకోలేదండీ."

ముసలాయన గుడ్ల నీరు గుడ్ల కుక్కుకున్నాడు. పాలు పోసి పామును పెంచాడు పాపం అని తలుపు దగ్గర బంట్రోతు గొణిగాడు.

తీర్పు నెల తర్వాత వచ్చింది. దత్తత రద్దు. వృద్ధుడైన తండ్రిని కొట్టినవాడు అని రెజీస్ పేరు పక్కన అచ్చయి ఉంది, ఇక అది చెరిగేది కాదు. ఫెర్నాన్ ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివి, కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, తండ్రీకొడుకులకు పెళ్ళి చెయ్యడం కుదరదని నిరుడు తమను తిప్పి పంపిన మేయరు ఆఫీసు గుమస్తా ముందు ఆ కాగితం పెట్టి, ఫెర్నాన్, రెజీస్ పెళ్ళి దరఖాస్తు మీద సంతకాలు చేశారు.