మూడు కిలోల పాప

వైద్యసేవల మీద పరిశోధనకు ఖమ్మం నుంచి వచ్చిన రోజారాణి, మా దవాఖానా రిజిస్టరు నకలు తీసింది.

“నీ మనవరాలు హెప్సిబా వివరాలు చదువుతా అమ్మమ్మా. తప్పుంటే చెప్పు, దిద్దుత. ఐదో నెల బరువు నలభై నాలుగు.”

“నలభై మూడున్నర. ఆ అరకిలో చెప్పులదా?”

ఆ పిల్ల నవ్వి దిద్దింది.

“ఏడో నెల నలభై ఎనిమిది. తొమ్మిదో నెల యాభై రెండు. కాన్పు దవాఖానాలనే. ఆడపిల్ల, మూడు కిలోలు. తల్లీబిడ్డా మంచిగున్నరు.”

“మూడు కిలోలా?”

“అవ్ అమ్మమ్మా. పాపేదీ, పండుకుందా?”

“పండుకుంది.”

హెప్సిబా ఆరో నెలలోనే, డాక్టరు లేక, దవాఖానా వరండాలో పోయింది. కడుపులో బిడ్డతోనే పూడ్చాం. దవాఖానావాళ్లు అల్లిన ఆ రాతలు దిద్దితే ఇద్దరూ మళ్లీ పోతారు.

“మిగతాదంతా సరిగ్గానే ఉంది” అని సంతకం పెట్టాను.